నాలుగో పట్టీ

ఫిబ్రవరి 2

జట్లు ప్రకటించారు. చీట్లు తీసి వేశామని గైడుగారు ఒట్టేసి చెబుతున్నారు. తీసిన చెయ్యి ఎవరిదో గాని, నా మీద పగబట్టిన చెయ్యే.

మొదటివాడు ఏ పని చెప్పినా "రేపు" అంటాడు. ఈ డైరీలో వాడి పేరు రేపు. రెండోవాడు కంప్యూటర్లో ఒక బొమ్మ గీసి, దానికి రంగులు మారుస్తూ సెమిస్టరంతా గడిపేస్తాడు. వాడు రంగులు. మూడో ఆవిడకి ముప్పై రెండేళ్ళు. బ్యాగుల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు కుట్టుమిషను తొక్కి, డిప్లొమా చేసి, రెండో సంవత్సరంలో నేరుగా మా మెకానికల్ క్లాసులోకి వచ్చింది. అందరూ అక్కా అక్కా అంటారు. నేను మీరు అంటాను. వరసలు కలుపుకోవడానికి నేను కాలేజీకి రాలేదు. గడియారంలో ఐదు కొట్టగానే సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోతుంది. ఎందుకని ఎవరూ అడగరు, ఆవిడా చెప్పదు. వెనకాల అందరూ ఐదింటక్క అంటారు.

లీడరుని నేనే. ఇంకెవరున్నారు గనక?

ప్రాజెక్టు కూడా నేనే ఎంచాను. మంచం పట్టిన మనిషిని ఎత్తి కుర్చీలోకి దించే యంత్రం. ఇనుప చట్రం, కారు ఎత్తే జాక్, పైన ఒక కొక్కెం, దానికి నాలుగు పట్టీలతో వేలాడే గుడ్డ ఊయల. తక్కువ ఖర్చుతో చేస్తే ముప్పై మార్కులు. చట్రం లెక్కలు మూడో దశాంశం దాకా ఈ వారంలోనే పూర్తి చేస్తాను.

ఫిబ్రవరి 9

మొదటి సమావేశం ఐదున్నరకి పెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళ పెట్టుకుందామని ఆవిడ అడిగింది. చేతులెత్తమన్నాను. ముగ్గురం ఒకటి, ఆవిడ ఒక్కతీ ఒకటి. ఇంతకన్నా న్యాయంగా ఎవరు నడుపుతారు?

ఈ మగపిల్లల మధ్య నా చేతికి ఒక స్పానర్ ఇవ్వడానికే రెండేళ్ళు పట్టింది. లేత్ మిషన్ దగ్గర నిలబడితే "చున్నీ జాగ్రత్తమ్మా" అనడం తప్ప ఫోర్‌మన్ నాకు నేర్పిందేమీ లేదు. ఆడవాళ్ళ ధ్యాసంతా ఇంటి మీదే అనే మాట నేను పళ్ళు కొరుక్కుంటూ తుడుచుకుంటూ వస్తుంటే, ఈవిడ రోజూ ఐదింటికి మళ్ళీ పూస్తుంది.

ఐదయింది. ఆవిడ వెళ్ళిపోయింది. మాకింకా పని ఉంది. మినిట్స్‌లో రాశాను: ఒకరు గైర్హాజరు.

ఫిబ్రవరి 16

గైర్హాజరు. వారంలో మూడోసారి.

ఫిబ్రవరి 20

ఊయల పట్టీలు కుట్టించాను. వీధి చివర బ్యాగులు బాగుచేసే ఆయన చేత. మందుల దుకాణంలో రెడీమేడ్ ఊయల ఉంది గాని దాని ధర చూస్తే మా ముప్పై మార్కులు అక్కడే హరీ అంటాయి. బ్యాగులాయన ఒక వరస కుట్టబోయాడు. మనిషిని మోసే పట్టీ, కుట్లు రెట్టింపు చేయమన్నాను. "మీ ఇష్టమమ్మా" అని తెల్ల దారంతో దట్టంగా అటూ ఇటూ వేసి ఇచ్చాడు. చూస్తేనే బలం కనిపిస్తోంది.

ఐదు కావడానికి పావుగంట ఉండగా ఆవిడ వర్క్‌షాప్‌లోకి వచ్చి పట్టీ చివర వేలితో తడిమింది.

"ఇన్ని కుట్లు ఎవరు వేయమన్నారు?"

నేనే అన్నాను.

"సూది దిగిన చోటల్లా బొక్క పడుతుంది అమ్మాయ్. ఇంత దగ్గరగా వేస్తే స్టాంపుల కాగితంలాగా ఆ వరస మీదే చిరుగుతుంది. చుట్టూ పెట్టెలాగా కుట్టి, లోపల మూల నుంచి మూలకి రెండు గీతలు వేస్తే చాలు. దారం కూడా ఇది కాదు."

ఇది మెకానికల్ ప్రాజెక్టు, కుట్టు క్లాసు కాదు అన్నాను. రంగులు కిసుక్కున నవ్వాడు. రేపు కూడా నవ్వాడు, అర్థమై కాదు. చట్రం నాలుగు రెట్ల బరువు మోస్తుందని నా లెక్కలు చూపించాను. ఆవిడ కాగితం చూసింది, పట్టీ చూసింది, గోడ గడియారం చూసింది.

"చట్రం మోస్తుంది, కాదన్నానా" అంది.

ఐదయింది. వెళ్ళిపోయింది. మినిట్స్‌లో రాయదగ్గ విషయం ఏమీ లేదు.

ఫిబ్రవరి 27

రిపోర్టులో "వినియోగదారుల అభిప్రాయాలు" అని ఒక అధ్యాయం ఉండాలట. ఎనిమిది మందితో మాట్లాడాలట. అంత తీరిక ఎవరికుంది? పడుకున్న మనిషికి ఏం కావాలో ఊహించలేనంత మొద్దును కాను. కూర్చుని ఒక గంటలో ఎనిమిది మందినీ రాసేశాను. మూడో వినియోగదారు: స్త్రీ, అరవై నాలుగేళ్ళు, యంత్రం చాలా సౌకర్యంగా ఉంటుందని సంతోషం వెలిబుచ్చారు. నాకే జాలేసింది ఆవిడ మీద, అంత బాగా వచ్చింది.

అమ్మ వెనక నుంచి తొంగి చూసి, "వీళ్ళందరినీ ఎప్పుడు కలిశావే?" అంది. ఇంజినీరింగ్ సంగతులు అమ్మకి అర్థం కావని చెప్పాను. "నీకు ఎవరూ నచ్చరే, ఎనిమిది మందితో ఎలా మాట్లాడావా అని" అనుకుంటూ వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 28

మధ్యాహ్నం ఐదింటక్క రిపోర్టు నకలు చదివింది. ఎంత చదివినా ఏం పట్టుకుంటుందిలే అనుకున్నాను.

"ఈ మూడో ఆవిడ, ఎత్తేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకుంటుంది?" అని అడిగింది.

పక్కన, అన్నాను. పక్కన పెట్టుకుంటే పట్టీ మోచేతిని ఒరుసుకుంటుంది కదా అంది. ఈ ఆవిడకి ఒరుసుకోదు అన్నాను. కాసేపు నా మొహం చూసి, కాగితాలు సర్ది తిరిగి ఇచ్చేసింది. ఎందుకలా చూసిందో!

మార్చి 4

బరువు పరీక్ష. నూటఎనభై కిలోల ఇసుక బస్తాలు ఇరవై నాలుగు గంటలు వేలాడదీయాలి. ఫోర్‌మన్ ఆరింటికి తలుపులు మూసేస్తాడు, ఆయనకీ ఇల్లుందట. ఐదూ ఇరవైకి వేలాడదీసి ఐదూ నలభైకి దించాం. ఏమీ కాలేదు. ఇనుముకి గడియారం చూడటం రాదు. ఇరవై నిమిషాలు మోసింది ఇరవై నాలుగు గంటలూ మోస్తుంది. కాగితం మీద ఇరవై నాలుగు అనే రాశాను.

నలుగురి సంతకాలు కావాలి. రేపు రేపు పెడతానన్నాడు, మెడ మీద చెయ్యి వేసి ఇవాళే పెట్టించాను. రంగులు ఆకుపచ్చ పెన్నుతో పెట్టాడు. నాలుగోది లేదు. ఐదు దాటింది కదా.

ఆవిడ ఉండి ఉంటే పెట్టేదే. లేకపోవడం ఆవిడ తప్పు. హాజరు పట్టీలో ఆవిడ సంతకం చూసి, అలాగే పెట్టాను. పెద్ద కష్టమేమీ కాలేదు.

మార్చి 6

మదింపు పత్రాలు ఇచ్చారు. జట్టులో ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురికీ పదికి మార్కులు వేయాలి, రహస్యంగా. సగటు ఐదు కన్నా తగ్గితే ఆ మనిషి ప్రాజెక్టు తప్పినట్టే, మళ్ళీ ఏడాది చేసుకోవాలి. దిద్దుబాట్లుంటే పదహారో తేదీ సాయంత్రం ఐదింటి లోపల.

ఐదింటక్కకి రెండు వేశాను. కారణం: సమావేశాలకు హాజరు కారు. అబద్ధం ఒక్క అక్షరం లేదు.

రేపు, రంగులు నా దగ్గరికొచ్చి ఎంత వేయాలని అడిగారు. నేనెంత వేశానో చెప్పాను, అంతే. చెప్పడం వేరు, వేయించడం వేరు. వాళ్ళూ రెండే వేశారు. వాళ్ళకి చేతులున్నాయి గాని, సొంత బుర్రలున్నట్టు ఎప్పుడూ అనిపించలేదు.

బయటికొచ్చాక రంగులు ఒక మాట అన్నాడు. ఆవిడకి పాత ఫ్యాక్టరీవాళ్ళు డిజైను విభాగంలో ఉద్యోగం అట్టే పెట్టారట, జూన్‌లో పట్టా చూపిస్తే చాలట. ఆ సంగతి ఆవిడ ముందు ఆలోచించుకోవలసింది.

మార్చి 10

రేపు ప్రదర్శన. (తేదీ రేపు. వాడు కాదు.)

సాయంత్రం ఐదూ పదికి వర్క్‌షాప్‌కి వెళ్తే బల్ల మీద ఊయల పరిచి ఉంది, చుట్టూ దారం ముక్కలు, తెగిన పట్టీ తునకలు, కుట్లు విప్పే చిన్న కొక్కెం. ఆవిడ పనే. నన్ను అడగకుండా, నా ప్రాజెక్టులో! ఏం చేసిందో చూడటానికి కూడా మనసొప్పలేదు. ఊయలని చాపలాగా చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా సంచిలో వేసుకున్నాను.

మార్చి 11

మధ్యాహ్నం రాస్తున్నాను. మోచెయ్యి నొప్పిగా ఉంది. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి.

పొద్దున తొమ్మిదింటికే ఆవిడ నా కోసం మెట్ల దగ్గర నిలబడి ఉంది. తాళంచెవి ఇవ్వు, గంటలో ఇస్తాను, ఇంకా ఒక... అంటుండగానే, మీరు చేసింది చాలు అని వచ్చేశాను. ఆ వాక్యం పూర్తి కానిచ్చి ఉండాల్సింది అని ఇప్పుడు అనిపిస్తోంది. అనిపించడం వల్ల ఏమిటి.

పదకొండింటికి కమిటీ వచ్చింది. బయటివాళ్ళు ఇద్దరు, గైడుగారు. మంచం వేశాం, ఊయల తగిలించాం. రంగులు అందులో కూర్చోవాలి. వాడు బూట్లు విప్పుతుంటే ఐదింటక్క ముందుకొచ్చింది.

"అయ్యా, ఇందులో మనిషిని కూర్చోబెట్టొద్దు. ఒక పట్టీ ఇంకా మార్చలేదు."

హాలంతా నా వైపు తిరిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బరువు పరీక్ష కాగితం తీసి కమిటీ చేతిలో పెట్టాను. ఇరవై నాలుగు గంటలు నిలిచిందని అందరం సంతకాలు చేశాం, ఆవిడ సంతకం కూడా ఉంది చూడండి అన్నాను. కాగితం ఆవిడ చేతికి వెళ్ళింది. ఆవిడ చాలాసేపు చూసింది. ఆ క్షణంలో నోరు తెరిస్తే నా పని అయిపోయేది. ఆవిడ తెరవలేదు.

ఎవరో ఎందుకు, నేనే కూర్చుంటాను అన్నాను. ఎక్కి కూర్చున్నాను కూడా.

"అయితే జాక్ నేను కొడతాను" అంది ఆవిడ.

కొట్టింది. మంచానికి జానెడు పైకి లేచాను. అక్కడ ఆపేసింది. ఇంకా ఎత్తమని కమిటీ అంది. ఇంతే అంది. గైడుగారు గద్దించారు. "ఇంతేనండి" అంది, అదే గొంతుతో. నేను పైనుంచి పళ్ళు నూరుతూ ఎత్తండి అన్నాను. నా వైపు చూడనే లేదు.

నా మొహానికి బెత్తెడు దూరంలో పట్టీలున్నాయి. అప్పుడు చూశాను. మూడు పట్టీలు కొత్తవి, నీలం దారం, చుట్టూ పెట్టె, లోపల రెండు గీతలు. ఎడమ భుజం దగ్గరిది మాత్రం నాది. తెల్ల దారం, దట్టమైన కుట్లు. ఇసుక బస్తాలకే సగం సాగిన ఆ బొక్కలు ఇంకా సాగుతున్నాయి. ఒకటి పక్కదానిలో కలిసింది. ఆ పక్కది ఇంకోదానిలో. దించమని చెప్పడానికి టైముంది. కమిటీ చూస్తోంది. చెప్పలేదు.

టపటపమని అల్లికలు విడిచినట్టు పోయింది. ఎడమ పక్కకి ఒరిగి, మోచెయ్యి మంచం కోడుకి కొట్టుకుని, పరుపు మీద తలకిందులుగా పడ్డాను. ఒక కాలు ఊయలలోనే ఉంది. ఎవరో నవ్వారు. నేను పడింది జానెడు ఎత్తు నుంచి. వాళ్ళడిగినంత ఎత్తు నుంచి అయితే గచ్చు మీద పడేదాన్ని.

ఆవిడ వచ్చి నా చంకల కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి వేసి, నన్ను లేపి కూర్చోబెట్టింది. అంత తేలిగ్గా. మా అత్తగారిని రోజూ ఎత్తుతాను కదా అంది, ఎవరూ అడక్కుండానే. అత్తగారు మూడేళ్ళుగా మంచంలోనే ఉన్నారట. పగలు చూసే ఆవిడ ఐదున్నరకి వెళ్ళిపోతుందట. భర్తకి రాత్రి డ్యూటీలట.

అత్తగారికి అరవై ఆరేళ్ళు. నా మూడో వినియోగదారుకి నేను అరవై నాలుగు వేశాను.

మార్చి 12

గైడుగారు తేల్చేశారు. ప్రదర్శనకి ముందురోజు ఎవరి అనుమతీ లేకుండా ఆవిడ కుట్లు విప్పి కుట్టింది గనక, లోపం కుట్టులో ఉంది గనక, తప్పు ఆవిడదే. రేపు, రంగులు తలలాడించారు. తెగింది ఏ దారమో చూసినవాడు లేడు. ఊయల మళ్ళీ బీరువాలో ఉంది.

నన్ను ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని.

మార్చి 13

ఎవరూ అడగలేదు.

మార్చి 14

ఆవిడ క్లాసుకి వచ్చింది, నోట్సు రాసుకుంది. సంతకం గురించి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. తిట్టేవాళ్ళని తేలిగ్గా తీసిపారేయవచ్చు. నాలుగేళ్ళుగా చేస్తున్న పని అదే.

అమ్మ మోచేతికి కాపడం పెడుతూ ఎలా పడ్డావని అడిగింది. సరిగ్గా కుట్టలేదమ్మా అన్నాను. ఎవరు కుట్టారంది. ఇంజినీరింగ్ సంగతులు నీకు అర్థం కావు అనబోయి ఊరుకున్నాను.

మార్చి 15

లెక్క వేసి చూశాను. ఆవిడ సగటు రెండు. నేను ఎనిమిదికి దిద్దితే నాలుగు. అంటే నా ఒక్కదాని దిద్దుబాటు చాలదు. ఆ ఇద్దరూ దిద్దాలి. వాళ్ళు దిద్దాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

ఎంత చక్కగా కట్టుదిట్టం చేశాను! ఈ ప్రాజెక్టులో నేను గట్టిగా కుట్టింది ఇదొక్కటే.

మార్చి 16

పొద్దున రంగుల్ని, రేపుని క్యాంటీన్లో కూర్చోబెట్టి తెల్ల దారం సంగతి చెప్పాను. రంగులు నిజంగా మొహం వేలాడేశాడు. నాకెందుకో తప్పనిపించింది గాని నువ్వు చెప్పావు కదా అని వేశాను అన్నాడు. రేపు టీ గ్లాసు పక్కన పెట్టి, "పద, ఇప్పుడే దిద్దేద్దాం" అన్నాడు. వాడి నోట ఇప్పుడే అనే మాట మొదటిసారి విన్నాను.

గైడుగారు దిద్దుబాటు పత్రాలు ఇవ్వడానికే పావుగంట నసిగారు. నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పారు.

"క్లాసులో నీ మొదటి స్థానం పోతుందమ్మా. సంతకం సంగతి బయటికొస్తే క్రమశిక్షణ కమిటీ అంటారు. నీకెందుకిది? ఆవిడేదో ఇంకో ఏడాది చదువుకుంటుంది. పెళ్ళయిపోయింది, తొందరేముంది?"

ఛీ అనిపించింది. తర్వాత అనిపించింది, ఇవి నాలో ఎప్పట్నుంచో ఉన్న మాటలే, ఆయన నోట వినడమే కొత్త అని. నేనయితే ఆ గొంతు కూడా తగ్గించను.

పత్రంలో కారణం రాయడానికి ఒక్క గీత ఉంది. ఒక్క వాక్యంలో రాయాలట. నాలుగున్నర నుంచి ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని నాలుగు కాగితాలు చించాను. మొదటిదాంట్లో "పరిస్థితుల ప్రభావం" అని రాశాను. రెండోదాంట్లో "సమాచార లోపం". ఎంత రోత! చివరికి రాసింది ఇది:

ఆవిడ వద్దన్న కుట్లు వేయించింది నేను, జరగని పరీక్ష జరిగిందని రాసింది నేను, ఆవిడ సంతకం పెట్టింది నేను, లేని మనుషులు ఎనిమిది మందిని సృష్టించింది నేను.

గుమాస్తా చదివి, ఇది ఒక వాక్యమేనా అన్నాడు. ఒకటేనండి, చూడండి, చివర ఒక్కటే చుక్క ఉంది అన్నాను. ముద్ర కొట్టాడు. ఐదుకి మూడు నిమిషాలుంది.

మార్చి 21

నా ప్రాజెక్టు మార్కులు ఆపేశారు. విచారణ అయ్యాక వచ్చే ఏడాది కొత్తగా చేయాలి. మొదటి స్థానం ఎవరిదో బోర్డు మీద పెట్టారు. చూశాను. చేతిరాత కూడా సరిగా లేనివాడు. (పాత అలవాటు. ఎక్కడికి పోతుంది.)

అమ్మకి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆ ఎనిమిది మందీ అబద్ధమేనన్నమాట, అని చాలాసేపు నవ్వి, తర్వాత ఏడ్చింది.

అక్క గట్టెక్కింది. కమిటీవాళ్ళు ఊయలని విప్పించి చూశారట. నీలం దారం మూడు పట్టీలూ నూటఎనభై కిలోలతో ఇరవై నాలుగు గంటలు నిలిచాయట. ఈసారి నిజంగా.

మార్చి 23

వర్క్‌షాప్‌లో కనబడింది. క్షమించమని అడగడానికి వాక్యం ఒకటి తయారు చేసుకుని వెళ్ళాను. సగంలో ఆపేసింది. అడ్డుపడటం నా దగ్గరే నేర్చుకుందేమో.

"సంతకం బాగానే పెట్టావు. చివర గీత మాత్రం నేను అలా గీయను" అంది.

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆ కాగితం గురించి అరుచుకుంటే నన్ను బయటికి పంపేసేవాళ్ళు, జాక్ వేరేవాళ్ళ చేతిలో ఉండేది అంది. తర్వాతి రోజుల్లోనైనా చెప్పొచ్చు కదా అన్నాను. పదహారో తేదీ దాకా చూద్దామనుకున్నాను అంది. ఐదు దాటితే తనే వెళ్ళి చెప్పేదట. నవ్వుతూ అనలేదు.

బల్ల మీద నాలుగో పట్టీ పెట్టింది. ఒక కొస చిరిగిపోయింది, రెండో కొస అలాగే ఉంది. కుట్లు విప్పే కొక్కెం నా చేతికిచ్చింది. ఎందుకు విప్పడం, పట్టీ ఎలాగూ పనికిరాదు కదా అన్నాను.

"పనికిరాదు. అంగుళానికి ఎన్ని బొక్కలు పడ్డాయో లెక్కపెట్టు. నీ కొత్త రిపోర్టులో అది ఉండాలి. ఊహించి రాయకు."

కూర్చున్నాను. ఒక్కో కుట్టు కింద కొక్కెం దూర్చి, దారం తెంపి, లాగాలి. నా గోళ్ళ నిండా తెల్ల దారపు పీచు. ఒక్క కొసకే నూట నలభై దాకా లెక్క తేలింది, ఇంకా రెండు వరసలు మిగిలాయి. దారం పోయినా బొక్కలు మూసుకోవడం లేదు. వెలుతురుకి పట్టి చూస్తే అవతల గోడ మీది గడియారం కనిపిస్తోంది.

ఐదయింది. అక్క వెళ్ళిపోయింది. నాకింకా పని ఉంది.